మన్యం దారి ఎక్కేముందు

రాజమండ్రి

చిరంజీవి బుజ్జికి,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. డబ్లిన్ నుంచి విక్లో కొండల్లోకి సైకిల్ మీద వెళ్లి, శాలీ గ్యాప్ దాకా ఎక్కి, గ్లెండలాక్‌లో పాత మఠం చూసి వచ్చావన్నమాట. సంక్రాంతికి ఇంటికొస్తూ సైకిల్ కూడా పట్టుకొస్తానంటున్నావు. ‘మన వైపు అలాంటి దారి ఉందా మావయ్యా, కొండా ఉండాలి, చరిత్రా ఉండాలి’ అని అడిగావు. ఒకటేమిటి, ఉన్నాయి. కాకపోతే ఏది ముందు, ఏది తర్వాత అన్నది చూసుకోవాలి. ‘దాన్ని అడవుల్లోకి ఎగదోస్తున్నావా’ అని మీ అమ్మ అప్పుడే నామీద కేకలేసింది. అందుకని నేను చెప్పిన వరసలోనే వెళ్లు. రేపు ఆవిడకి జవాబు చెప్పుకోవాల్సినవాణ్ని నేను.

ముందు నువ్వు తొక్కొచ్చిన దారి సంగతే చెప్తాను. దాన్ని మిలిటరీ రోడ్డు అంటారు కదా. ఐర్లండులో 1798 తిరుగుబాటు అణిగిపోయాక కూడా మైకేల్ డ్వయర్ లాంటివాళ్లు విక్లో కొండల్లో దాక్కుని ఇంగ్లీషు దొరలని ముప్పుతిప్పలు పెట్టారు. వాళ్లని పట్టుకోవాలంటే సైన్యం కొండల్లోకి నడవాలి, సైన్యం నడవాలంటే దారుండాలి. 1800లో పని మొదలుపెట్టి 1809కి పూర్తి చేశారు. ఈలోగా 1803 చివర్లోనే డ్వయర్ లొంగిపోయాడు, ఆయన్ని ఆస్ట్రేలియా పంపేశారు. రోడ్డు మిగిలింది. శని ఆదివారాల్లో ఇప్పుడు మీరు తొక్కుతున్నారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన వైపు ఏ దారి తొక్కినా ఒక్కటి కనుక్కుంటూ వెళ్లు: దీన్ని ఎవరు వేయించారు, ఎవరి అవసరానికి, చాకిరీ చేసిందెవరు. గుడీ కోటా చూసి వచ్చేస్తే చరిత్రలో సగం చక్రం కిందే ఉండిపోతుంది.

మొదటి రోజు కొండ జోలికి పోకు. కెనాల్ రోడ్డు పట్టుకో. కడియం, ద్వారపూడి, అనపర్తి మీదుగా బిక్కవోలు సుమారు 40 కిలోమీటర్లు, ఎత్తూపల్లం లేని దారి. నీ కాళ్లకి అదేం లెక్క కాదు. అయినా వెళ్లమంటున్నది మన ఎండకీ, మన ట్రాఫిక్‌కీ అలవాటు పడతావని. ఆ రోడ్డు పక్క కాలువకి మూలం ధవళేశ్వరం ఆనకట్ట; దాని పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆనకట్ట కట్టించిన కాటన్ దొర కాలువలు నీళ్లకే కాదు, పడవలకీ దారులే. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు కట్టి పడవని లాగేవాళ్లు. అంచేత కాలువ గట్టు మీద పోయే రోడ్డు కనిపించినప్పుడల్లా వాళ్ల కాళ్లు గుర్తు చేసుకో. బిక్కవోలులో తూర్పు చాళుక్యుల గుళ్లున్నాయి. గోలింగేశ్వరుడి గుడి ఊళ్లో ఉంది, కొన్ని గుళ్లు పొలాల మధ్య ఉన్నాయి. ఏకశిల గణపతి చెవిలో కోరిక చెప్పుకోవడం అక్కడ ఆనవాయితీ. వచ్చేటప్పుడు ఎదురుగాలి లేకుండా చూడమని చెప్పుకో.

ఆ రోడ్డు మీద ఒక్క జాగ్రత్త. కోతలైపోయిన రోజుల్లో రైతులు ధాన్యం రోడ్డు వారనే ఆరబోస్తారు. కుప్ప చుట్టూ లారీ తొక్కకుండా రాళ్లు పేరుస్తారు. పొద్దుటి మంచులో ఆ గింజల మీద సన్నటి టైరు సర్రున జారుతుంది. పొలంలోంచి ట్రాక్టరు రోడ్డెక్కిన చోట బురద పెళ్లలు కూడా అంతే. అలాంటిచోట బ్రేకు నొక్కకు, హ్యాండిల్ తిప్పకు, తిన్నగా పోనీ. ధాన్యం మీంచి మాత్రం పోవద్దు. అది వాళ్ల ఏడాది తిండి.

రెండోది పశ్చిమాన మెట్ట. విక్లోలో నువ్వు చూసిన ఎగుడుదిగుళ్లకి దగ్గరగా వచ్చేది ఇదే. 1974లో తెరిచిన రోడ్డు కమ్ రైలు వంతెన మీద గోదావరి దాటు. నాలుగు కిలోమీటర్ల పైమాటే. అతుకుల దగ్గర మాత్రం చూసుకో. కొవ్వూరు, దేవరపల్లి, ద్వారకా తిరుమల, కామవరపుకోట, అక్కణ్నించి గుంటుపల్లి. కొబ్బరీ వరీ అయిపోయి ఎర్రమట్టి మొదలవుతుంది. పొగాకు బ్యారన్లు, పామాయిల్ తోటలు, వాటి మధ్య లేచి పడే రోడ్డు. గుంటుపల్లి కొండ మీద బౌద్ధ గుహలున్నాయి, క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నాటి నుంచీ తొలిచినవి. గుండ్రటి చైత్యంలోకి వంగి వెళ్లి తలెత్తి చూడు. పైకప్పుకి చెక్క వాసాలు దించినట్టుంటుంది. అవి వాసాలు కావు, రాతినే అలా చెక్కారు. అప్పటి కర్ర ఇల్లు ఎలా ఉండేదో ఆ రాయి చూస్తే తెలుస్తుంది. గ్లెండలాక్ మఠం క్రీస్తుశకం ఆరో శతాబ్దానిది. ఇక్కడి భిక్షువులు అంతకు ఏడెనిమిది వందల ఏళ్ల ముందే కొండెక్కారు. దారి పొడుగు కాబట్టి రాత్రికి ద్వారకా తిరుమలలో ఉండిపో. చినవెంకన్న దర్శనం చేసుకున్నావంటే మీ అమ్మ కోపం కూడా కాస్త దిగుతుంది.

ఇక మూడోది, నీ మనసంతా ఉన్నది: మన్యం. కోరుకొండ, గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి, మొత్తం సుమారు 85 కిలోమీటర్లు. తెల్లారకముందే బయల్దేరు. కోరుకొండ నరసింహస్వామి గుడి మెట్లు నిటారుగా ఉంటాయి. నీ సైకిల్ బూట్ల అడుగున ఉండే ఆ బిళ్లలతో వాటి జోలికి పోకు. గోకవరం దాటాక అడవి మొదలవుతుంది. అక్కడ దాకా జామాయిలు, సరుగుడు కర్ర లారీలు వెనకే ఉంటాయి. లోడు బయటికి పొడుచుకుని ఉంటుంది కాబట్టి మలుపులో దాని పక్కకి వెళ్లొద్దు. దిగిపోయి దారివ్వు.

దారిలో చెట్టుకి కుండ కట్టి, గెడకర్ర నిచ్చెన ఆనించి ఉంటే అది జీలుగు చెట్టు. కొండవాళ్లకి కల్లు పానీయమే కాదు, పంట లేని నెలల్లో తిండి కూడా. ఆ కల్లు మీద రంప మన్సబుదారు, అంటే అక్కడి జమీందారు లాంటివాడు, ‘చిగురు పన్ను’ అని వేశాడు. పోడు మీద ఆంక్షలు, పోలీసుల జులుం, వడ్డీ వ్యాపారుల కోర్టు దావాలు దానికి తోడయ్యాయి. 1879 మార్చిలో కొండ తిరగబడింది. అణచడానికి మద్రాసు సైన్యం దిగాల్సి వచ్చింది. మన్సబుదారు పదవి పోయింది. నువ్వు మంచినీళ్లు తాగడానికి ఆగే రంపచోడవరం చుట్టుపక్కలే ఇదంతా జరిగింది.

నలభై ఏళ్లు తిరిగాక మళ్లీ రోడ్డు దగ్గరే నిప్పంటుకుంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండల్లోకి రోడ్డు వేయిస్తూ గిరిజనుల చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. అల్లూరి సీతారామరాజు వెనక జనం నడవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు పట్టుకుపోయారు. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం వంతు వచ్చింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజుని కాల్చి చంపారు. మీ డ్వయర్‌ని ఓడెక్కించారు, మన రాజుకి ఆ పాటి దయ కూడా దక్కలేదు. ఇప్పుడు రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి మీదుగా పాడేరు వైపు పోయేది 516ఈ జాతీయ రహదారి. దాని మీద నున్నటి తారు కనిపిస్తే సంతోషించు, కానీ కింద ఎవరి కష్టం ఉందో తెలిసి సంతోషించు.

మారేడుమిల్లిలో రాత్రి ఆగు. గది ముందే మాట్లాడుకో, సంక్రాంతికి ఊరు కిటకిటలాడుతుంది. బొంగులో చికెన్ తిను, కానీ మర్నాడు పొద్దున్న ఎత్తు ఎక్కే పని పెట్టుకుంటే రాత్రి మితంగా తిను. అక్కణ్నించి చింతూరు ఘాటీ వైపు సరదా పడొద్దు. మలుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి, పొద్దున పొగమంచులో ఎదురుగా వచ్చే బస్సు హారన్ వినబడ్డాకే కనబడుతుంది. వెళ్లి తీరాలంటే ఎండ పొడుచుకున్నాక, ముందూ వెనకా లైట్లు వేసుకుని, సగం దూరం వెళ్లి వెనక్కి రా. చీకటి పడ్డాక ఏజెన్సీలో ఎక్కడా తొక్కొద్దు.

ఒంటరిగా వెళ్లొద్దు. ఆడపిల్లవని కాదు, మగపిల్లాడికీ ఇదే చెప్తాను. చాలాచోట్ల ఫోను సిగ్నల్ ఉండదు, చెయ్యి విరిగితే లేపడానికి పక్కన ఒకరుండాలి. సంతరోజు తగిలితే ఆగు. చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు కొను, చిల్లర దగ్గరుంచుకో. అడక్కుండా వాళ్ల ఫొటోలు తియ్యకు. వాళ్లు బజారుకొచ్చారు, నీకు చూపించడానికి రాలేదు.

సామాను సంగతి. అక్కడ నువ్వు వాడే 25 టైర్లు ఇక్కడ పనికిరావు. ఫ్రేములో పడితే 32 వేయించుకుని రా. నీ ట్యూబులకి సన్నటి ప్రెస్టా వాల్వు కదా, మన పల్లెటూరి షాపు పంపు దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ రెండు తెచ్చుకో, పెట్రోలు బంకులో కూడా గాలి కొట్టించుకోవచ్చు. స్పేర్ ట్యూబులు, బ్రేకు ప్యాడ్లు అక్కణ్నించే కొనుక్కుని రా. కుక్కలు వెంటపడితే పరిగెత్తించకు. దిగి, సైకిల్ అడ్డం పెట్టుకుని నడువు, వాటి హద్దు దాటగానే వదిలేస్తాయి. నీళ్లల్లో ఉప్పూ పంచదారా వేసుకో, దారిలో మజ్జిగో కొబ్బరిబొండామో తాగు. పదకొండు దాటాక నీడ పట్టు.

ఇన్ని రోజులు సెలవు లేదు, ఒకే దారికి టైముంది అంటావా, గుంటుపల్లికి వెళ్లు. నువ్వు మన్యమే అంటావని తెలుసు. కానీ మన్యం ఒక్క పూటలో తిరిగి రావలసిన చోటు కాదు. హడావుడిగా పోతే జలపాతం ఫొటో ఒకటి మిగులుతుంది, అంతే. రెండు రాత్రులు కేటాయించగలిగినప్పుడు చెప్పు. అడ్డతీగల, రాజవొమ్మంగి మీదుగా కృష్ణదేవిపేటలో రాజు సమాధి దాకా వెళ్లే దారి వేరే రాసి పంపుతాను.

టిక్కెట్టు తీసుకోగానే తేదీ రాయి. సైకిల్ పెట్టె గురించి విమానం వాళ్లతో ముందే మాట్లాడుకో.

ఆశీస్సులతో,
మీ మావయ్య