పుస్తకానికి చుట్టుకొలత: మెత్త సంచి కుట్టే పాఠం



సాహితీ క్లబ్ పత్రికలో కుట్టుపని పాఠం ఏంటి అనుకుంటున్నారేమో. బీరువాలోని పుస్తకాలు మళ్లీ ఇళ్లకు ఇస్తున్నాం అని మన గ్రూపులో మెసేజ్ చూశారు కదా, దాని వెనక ఉన్నది ఈ కుట్టుపనే. పుస్తకాలు ఇవ్వడం ఆగిపోయింది నా వల్లే కాబట్టి పాఠం రాసే బాధ్యత కూడా నా మీదే పడింది.

జరిగింది చెప్తాను. పోయిన ఆగస్టులో బీరువా నుంచి ఒక పాత కథల సంపుటి తీసుకున్నాను. ఇప్పుడు అచ్చులో లేదు. సీనియర్ అన్న ఒకరు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొని, క్లబ్‌కి ఇచ్చి వెళ్లిన పుస్తకం. దాన్ని బ్యాగులో పడేసి సంగారెడ్డిలో పోతిరెడ్డిపల్లి చౌరస్తా దగ్గర బస్సు ఎక్కాను. కంది దాటేసరికి వాన మొదలైంది. ఇస్నాపూర్‌లో పాశమైలారం షిఫ్టు దిగినవాళ్లు ఎక్కారు, నిలబడడానికి చోటు లేదు. బ్యాగు కాళ్ల మధ్య పెట్టుకున్నాను. అందులో పుస్తకంతో పాటు టిఫిన్ డబ్బా, మూత సరిగా పడని నీళ్ల సీసా. పటాన్‌చెరులో దిగి తీసి చూస్తే కింది రెండు మూలలు నలిగి లోపలికి మడిచిపోయాయి, సగం పేజీలు తడిసి అలల్లా లేచాయి.

బీరువా చూసుకునే అక్క నన్ను ఏమీ అనలేదు. రిజిస్టర్‌లో ఆ పుస్తకం పేరు పక్కన 'పాడైంది' అని రాసింది. తర్వాతి మీటింగులో, ఇకమీదట పుస్తకాలు రూములోనే కూర్చుని చదవాలి అని తీర్మానం. ఆ తర్వాత నెల రోజుల్లో రూముకి వచ్చి చదివింది ఇద్దరే ఇద్దరు. పుస్తకాలు భద్రంగానే ఉన్నాయి, చదివేవాళ్లే లేరు. అప్పుడే అనుకున్నాను, పుస్తకం బయటికి వెళ్లేలా ఏదో ఒకటి చెయ్యాలి అని.

మనవాళ్లు ఎలా మోసేవారు

పుస్తకానికి బట్ట చుట్టడం మనకు కొత్త కాదు. తాళపత్రాలకు చిల్లు పెట్టి తాడు గుచ్చేవారు, పైనా కిందా చెక్కపలకలు పెట్టి తాడు చుట్టేవారు, ఆ మీద బట్టలో మూట కట్టేవారు. పలక దెబ్బ కాసేది, బట్ట దుమ్ము ఆపేది. ఊరి కరణం దస్త్రం కూడా గుడ్డమూటే. ఇక పుస్తకం పాఠకుడి దగ్గరికి పోవాలన్న పట్టుదలకు ఉదాహరణ కావాలంటే, 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. నీళ్ల మీద ఊరూరూ పుస్తకాలు తిరిగాయి. మనం హైవే మీద ఆర్టీసీ బస్సులో తిప్పలేమా?

మెత్త కోసం కూడా దూరం పోనక్కర్లేదు. మన ఇళ్లలో బొంత ఉంది. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, దగ్గర దగ్గరగా కుట్టు వేసుకుంటూ పోతే బొంత. మెత్త సంచి అంటే పుస్తకం సైజుకి కుట్టిన బొంతే.

నా మొదటి రెండు సంచులు ఎందుకు ఫెయిల్ అయ్యాయి

మా అమ్మ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. కాలు మిషన్ ఉంది. నేను మెకానికల్ వాణ్ణి, కొలతలు నాకు ఓ లెక్కా అనుకున్నాను. పుస్తకం డెమ్మీ సైజు: ఎత్తు 21.5 సెం.మీ., వెడల్పు 14, మందం 2.5. వెడల్పుకి 14 పెట్టి, కుట్టుకి పక్కకి 1 సెం.మీ. వదిలి కత్తిరించి కుట్టాను. పుస్తకం సంచి మూతి దగ్గరే ఆగిపోయింది. రెండోది కోపంతో పెద్దగా కుట్టాను. అందులో పుస్తకం అటూ ఇటూ దొర్లింది. మూల మెత్త మీద కాకుండా కుట్టు మీద పడుతోంది. నలగడం నలుగుతూనే ఉంది.

అమ్మ చూసి నవ్వింది. "బ్లౌజుకు ఛాతీ కొలత ముంగట నుంచి తీస్తమా బిడ్డా? టేపు చుట్టూ తిప్పి తీస్తం. పుస్తకానికి గూడ గంతే."

నాలుగు సెమిస్టర్ల డ్రాయింగు చేసినవాడికి తట్టని మాట అది. పాఠం మొత్తంలో గుర్తుంచుకోవాల్సింది ఇదొక్కటే: పుస్తకాన్ని ముందు నుంచి కొలవకండి, చుట్టూ కొలవండి.

లెక్క

టేపు పుస్తకం నడుం చుట్టూ తిప్పితే 14 + 2.5 + 14 + 2.5 = 33 సెం.మీ. సంచికి ముందు ముక్క, వెనక ముక్క ఉంటాయి కాబట్టి ఒక్కోదాని వాటా 16.5. అంటే వెడల్పుకి మందం కలపాలి.

ఇంకా అయిపోలేదు. మెత్తకి కూడా మందం ఉంటుంది. 3 మి.మీ. ఫోమ్, పైన కింద గుడ్డలు కలిపి దాదాపు 4 మి.మీ. పుస్తకం చుట్టూ అంత మందం పొర తిరిగితే బయటి చుట్టుకొలత 2 × పై × 0.4, అంటే రెండున్నర సెం.మీ. పెరుగుతుంది. అందులో సగం 1.25. కొంచెం వదులు కలిపి 1.5 అనుకుందాం. కాబట్టి:

కుట్టు నుంచి కుట్టుకి వెడల్పు = వెడల్పు + మందం + 1.5. మన పుస్తకానికి 18 సెం.మీ. రెండు పక్కలా కుట్టుకి ఒక్కో సెం.మీ. కలిపితే 20.

పొడవు చూద్దాం. అడుగున కుట్టు లేకుండా ఒకే పట్టీని మడిచేద్దాం. దెబ్బ ఎక్కువగా తగిలేది అడుగునే, అక్కడ కుట్టు లేకపోతేనే మంచిది. ముందు భాగం: ఎత్తు 21.5, అడుగున సగం మందం 1.25, మెత్తకి 0.75, మొత్తం 23.5. వెనక భాగం కూడా 23.5. మూత పుస్తకం మందం దాటి కిందికి 9 సెం.మీ. రావాలి, అంటే 11.5. అన్నీ కలిపితే 58.5. రెండు కొసల మడతకి 2 సెం.మీ. కలిపి 60.5.

మీ పుస్తకం సైజు వేరైతే అంకెలు మార్చుకోండి, లెక్క ఇదే.

ఏ గుడ్డ, ఏ మెత్త

పైకి పాత జీన్సు లేదా కాన్వాస్. లోపలికి పాత కాటన్ చీర లేదా పంచె. కొత్త గుడ్డ అయితే ముందు ఉతికి ఆరేయండి. కాటన్ కుంచించుకుపోతుంది, కొన్ని రంగులు దిగుతాయి. చెమ్మ తగిలితే ఆ రంగు పుస్తకం అట్టకి అంటుకుంటుంది.

మెత్తకి మన దగ్గర తేలిగ్గా దొరికేది ఈపీఈ ఫోమ్. టీవీలకీ ఫర్నిచర్‌కీ చుట్టి వచ్చే తెల్లటి మెత్తటి షీటు. థర్మాకోల్ వేరు, అది గింజలు గింజలుగా రాలుతుంది, పనికిరాదు. నేను స్క్రాప్ దుకాణంలో కొన్నాను. ఇక్కడ ఒక జాగ్రత్త. మనది ఫ్యాక్టరీల బెల్టు. మందుల కంపెనీల నుంచీ రసాయనాల కంపెనీల నుంచీ వచ్చిన ప్యాకింగ్ ఏదీ ముట్టుకోవద్దు, ఎంత కొత్తగా కనిపించినా సరే. ఎక్కడి నుంచి వచ్చిందో దుకాణం వాళ్లు చెప్పలేకపోతే వదిలెయ్యండి. ఇంట్లో టీవీకి చుట్టి వచ్చిన షీటు దాచుకుంటే అన్నిటికంటే మంచిది.

ఫోమ్ దొరకకపోతే పాత చీర నాలుగైదు పొరలు వేసి చేత్తో బొంతకుట్టు వేయండి, మిషన్ కూడా అక్కర్లేదు. తేడా ఒక్కటే: ఈపీఈ నీళ్లు పీల్చదు, బొంత పీల్చి పట్టుకుంటుంది.

మూలలు ఎందుకు నలుగుతాయి

250 పేజీల డెమ్మీ పుస్తకం 70 జీఎస్‌ఎమ్ కాగితం మీద అచ్చయితే కాగితమే దాదాపు 260 గ్రాములు. అట్టతో కలిపి 300 అనుకుందాం. మీటరు ఎత్తు నుంచి పడితే శక్తి సుమారు 3 జౌల్స్. మూల 1 మి.మీ.లో ఆగిపోతే సగటు బలం 3000 న్యూటన్లు. అదే 4 మి.మీ.లో ఆగితే 750. మెత్త చేసే పని అంతా ఇంతే, ఆగడానికి కాస్త దూరం ఇస్తుంది. ఆ దూరం ఎక్కువ కావాల్సింది మూలల దగ్గర కాబట్టి అక్కడ ఫోమ్ రెండు పొరలు వేస్తాం.

కుట్టే వరుస

1. పై గుడ్డ, లోపలి గుడ్డ 23 × 64 సెం.మీ. కత్తిరించండి. అడ్డకుట్లు వేస్తే గుడ్డ కొంచెం లాక్కుంటుంది, అందుకే ఎక్కువ తీసుకోవాలి. ఇస్త్రీ ఇప్పుడే చెయ్యండి. ఫోమ్ పెట్టాక ఇస్త్రీ తగిలితే కరిగిపోతుంది. నా మూడో సంచి అలాగే పోయింది.

2. ఫోమ్ 17.6 × 58 కత్తిరించండి. కుట్టు గీత కంటే పక్కకి 2 మి.మీ. తక్కువ ఉండాలి. అప్పుడు పక్క కుట్టు ఫోమ్ మీద పడదు, కానీ మెత్త కుట్టు దాకా వస్తుంది.

3. 4 × 4 సెం.మీ. ఫోమ్ ముక్కలు నాలుగు. రెండు అడుగు మడత వచ్చే చోట, రెండు మూత తిరిగే చోట, పక్క అంచులకి ఆనించి పెట్టండి.

4. గుడ్డల మధ్య ఫోమ్ పెట్టి గుండుసూదులు గుచ్చి, 5 సెం.మీ.కి ఒకటి చొప్పున అడ్డంగా కుట్లు వేయండి. సూది నంబర్ 16, పాలిస్టర్ దారం, కుట్టు పొడవు 3 మి.మీ. కుట్టు మరీ దగ్గరైతే ఫోమ్ స్టాంపు కాగితంలా చిరుగుతుంది.

5. ఇప్పుడు ఫోమ్ మధ్యలో వచ్చేలా గుడ్డల్ని 20 × 60.5కి సమంగా కత్తిరించండి. రెండు కొసలు, మూత పక్కలు అర సెం.మీ. చొప్పున రెండు మడతలు వేసి కుట్టండి.

6. పై గుడ్డ లోపలికి వచ్చేలా ముందు భాగాన్ని 23.5 దగ్గర మడిచి, పక్కలు 1 సెం.మీ. లోపలికి కుట్టండి. మూతి దగ్గర ముందుకీ వెనక్కీ రెండు మూడుసార్లు మిషన్ తిప్పండి, చిరుగు మొదలయ్యేది అక్కడే. మిగిలిన గుడ్డ అంచులు పీచు రాకుండా చీర అంచుతో మూసెయ్యండి. తిరగేస్తే సంచి.

7. మూతకి జిప్పు వద్దు, పళ్లు అట్టని గీస్తాయి. వెల్క్రో కూడా కాగితం అంచుల్ని పట్టి లాగుతుంది. గుండీ, ఉచ్చు చాలు. లేదంటే దస్త్రానికి కట్టినట్టు నాడా.

నాలుగైదు పుస్తకాలు మోయాలంటే

మెత్త సంచులన్నీ వేసుకోవడానికి ఒక పెద్ద సంచి. దీనికి మెత్త అక్కర్లేదు, పట్టీలే ముఖ్యం. మంచానికి అల్లే నవారు తీసుకోండి. పట్టీని సంచి మూతి దగ్గర కుట్టి వదిలేస్తే బరువంతా ఆ నాలుగు కుట్ల మీద పడుతుంది. అలా కాకుండా ఒకటే నవారుని సంచి అడుగు కిందుగా చుట్టి తెచ్చి, పైన చేతిపట్టీలుగా వదలండి. అప్పుడు బరువు నవారు మీద ఉంటుంది, గుడ్డ మీద ఉండదు. మూతి దగ్గర చదరం కుట్టి, దాని లోపల గుణకారం గుర్తు వేయండి. నీళ్ల సీసాకి బయట వేరే జేబు. ఇది నా అనుభవం మాట్లాడుతోంది.

ఈ సంచి చెయ్యలేనిది

వానని ఇది ఆపదు. 18 సెం.మీ. అడ్డకుట్టులో 3 మి.మీ.కి ఒక రంధ్రం అంటే 60. అలాంటి కుట్లు 11, అంటే 660 రంధ్రాలు. ఫోమ్ నీళ్లు పీల్చకపోయినా రంధ్రాల్లోంచి దిగుతాయి. చిరుజల్లు వరకు ఫర్వాలేదు. పెద్ద వాన అయితే పైన ఒక పాలిథిన్ కవర్ వేసి, ఇంటికి రాగానే తీసెయ్యండి. తడి తగిలిన పుస్తకాన్ని సంచిలో అలాగే ఉంచొద్దు, బూజు పడుతుంది. ఫ్యాను కింద తెరిచి పెట్టి, పూర్తిగా ఆరాకే లోపల పెట్టండి.

ఇప్పటిదాకా పదకొండు సంచులు అయ్యాయి. బీరువా అక్క కొత్త రూలు పెట్టింది: సంచిలో పెట్టి పంపుతాం, సంచిలో పెట్టే తెచ్చివ్వాలి. బీరువాలో పుస్తకాలు పదకొండు కంటే చాలా ఎక్కువ ఉన్నాయి. కాబట్టి పాత జీన్సులు, చీరలు ఉంటే క్లబ్ రూములో ఇవ్వండి. కుట్టు నేర్చుకుంటాం అన్నవాళ్లకి అమ్మ ఆదివారం మధ్యాహ్నం మిషన్ ఇస్తానంది. టేపు మాత్రం మీరే తెచ్చుకోవాలట.

నేను పాడుచేసిన కథల సంపుటి కూడా ఇప్పుడు బీరువాలోనే ఉంది. పేజీలు ఇంకా అలలుగానే ఉన్నాయి, అక్షరాలు మాత్రం చదవడానికి వస్తున్నాయి. మందం పెరిగింది కాబట్టి మళ్లీ చుట్టూ కొలిచి దానికీ ఒక సంచి కుట్టాను. చదవాలనుకున్నవాళ్లు అక్కని అడగండి.