వానకు మందు కొట్టుకుపోకుండా

ప్రశ్న: మిరపకు మాంకోజెబ్ కొట్టిన సాయంత్రమే వాన పడుతోంది. జిగురు కలిపితే మందు నిలుస్తుందా?
– ఒక మిరప రైతు, గుంటూరు జిల్లా

జవాబు: నిలుస్తుందండీ, కానీ ఆకు మీద తడి ఆరాకే. మాంకోజెబ్ ఆకులోకి ఇంకే మందు కాదు, పైపైనే ఉండి తెగులును ఆపుతుంది. అందుకే వానకు తేలిగ్గా పోతుంది. నీటిలో కలిసే పాలిమర్ జిగుర్లు సాధారణంగా పాలలా తెల్లగా ఉంటాయి. నీరు ఆవిరయ్యే కొద్దీ వాటిలోని సన్నటి రేణువులు దగ్గరికి జరిగి, ఒకదానికొకటి అతుక్కుని పలుచని పొర కడతాయి. మందు పొడి అందులో చిక్కుకుంటుంది. ఆ పొర మళ్లీ నీళ్లలో సులువుగా కరగదు. ఆరకముందే జల్లు పడితే మాత్రం జిగురూ మందూ రెండూ నేలపాలే. కాబట్టి మబ్బు పట్టిన సాయంత్రం వద్దు, తెరిపి ఉన్న ఉదయం కొట్టండి.

సిలికాన్ ద్రవాన్ని జిగురు అనుకుని కొనకండి. అది మందును ఆకంతా పరిచేది. మోతాదు మించితే ద్రావణం ఆకు మీంచి కారిపోతుంది. ఏ జిగురైనా ముందు గ్లాసులో మందుతో కలిపి చూడండి, విరిగితే వాడొద్దు. పని కాగానే పంపు, నాజిల్ కడిగేయండి. ఇంకో మాట: తర్వాత వచ్చే చిగుళ్లకు ఈ పొర ఉండదు, వాటికి మళ్లీ కొట్టాల్సిందే.