కదిలే మెట్లు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి హైదరాబాదుకు బస్సులో వెళ్ళేవారిలో అనేకులు జూబ్లీ బస్ స్టేషనులో దిగుతారు. దాని చెంతనే 2020 ఫిబ్రవరి 7న మెట్రో రైలు స్టేషను ప్రారంభమైంది. అక్కడ ప్రయాణికులను పైకి చేర్చే సాధనాలలో ఎస్కలేటరు ఒకటి.

అమెరికాకు చెందిన జెస్సీ రెనో 1892లో ఇటువంటి యంత్రానికి పేటెంటు పొందాడు. అది మెట్లు లేని వాలు పట్టీ. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో మెట్లు గల ఎస్కలేటరు ప్రజలను ఆకర్షించింది.

ఎస్కలేటరులో విద్యుత్ మోటారు పళ్ళచక్రాల ద్వారా రెండు గొలుసులను నిరంతరం తిప్పుతుంది. మెట్లు ఆ గొలుసులకు బిగించి ఉంటాయి. ప్రతి మెట్టుకు రెండు జతల చక్రాలుంటాయి. ఒక్కొక్క జత వేర్వేరు పట్టాలపై నడుస్తుంది. వాలులో మెట్లుగా విడివడి, రెండు కొనలలో చదునుగా కలిసేలా ఆ పట్టాలను అమరుస్తారు. చేతిపట్టీ కూడా మెట్లతో పాటే కదులుతుంది.

ఎక్కే, దిగే ఎస్కలేటర్లను పక్కపక్కన ఉంచడం సమాంతర అమరిక. అవి కత్తెర వలె ఒకదానినొకటి దాటేలా ఉంచడం మరొక పద్ధతి. దీనివలన స్థలం కలిసివస్తుంది. ఎక్కేవారు, దిగేవారు ఎదురుపడరు.

మెట్టుకు, పక్కగోడకు నడుమనున్న సందులో చీర అంచు, మెత్తని చెప్పు చిక్కుకొనవచ్చు. కావున కుచ్చిళ్ళను ఎత్తిపట్టుకోవాలి. పిల్లల చేయి విడువరాదు. ఆపద కలిగితే కొనవద్ద ఉండే ఎర్ర మీటను నొక్కాలి.

తొలిసారి ఎక్కేవారు జంకడం సహజం. వారిని చూసి నవ్వక, చేయూతనివ్వడం విద్యావంతుల లక్షణం.

ప్రశ్న: ఎస్కలేటరు పనిచేసే విధానాన్ని వివరించండి.