యాసకు దక్కిన ప్రాస: ఔట్‌కాస్ట్ రెండవ ఆల్బము

గుడుపల్లె రైల్వే స్టేషనులో బండి కొరకు నిలిచిన పది నిమిషములలో తెలుగు, కన్నడము, తమిళము, దక్కనీ ఉర్దూ నాలుగును చెవిని పడును. ఈ నాలుగింటి నడుమ పెరిగిన మన విద్యార్థులు వేదిక యెక్కగనే ఇంటి మాటను దాచుకొని పుస్తకపు మాటను అరువు తెచ్చుకొందురు. ఇందుకు కారణము లేకపోలేదు. మేము చదువుకొన్న దినములలో ఒక కవితా పోటీయందు 'ఉండాడు' అని చదివిన విద్యార్థికి, అది 'ఉన్నాడు' అని యుండవలెనని మార్కులు తగ్గించిరి. ఆ సంగతి మనసులో నుంచుకొనియే అమెరికా దేశపు ఒక హిప్ హాప్ జంట వెలువరించిన రెండవ ఆల్బమును గూర్చి వ్రాయుచున్నాము.

హిప్ హాప్ 1973లో న్యూయార్కు నగరమునందలి బ్రాంక్స్ ప్రాంతమున, నల్లజాతి వారి వినోద కూటములలో పుట్టినది. రికార్డులో తాళము మాత్రమే మ్రోగు చిన్న భాగమును మరల మరల వేయుచు, దానిపై లయబద్ధముగ మాటలు పలుకుట దాని మూలము. ఆ పలుకుటయే ర్యాప్. చాలకాలము పేరంతయు న్యూయార్కుది. పిదప లాస్ ఏంజెల్సు వారు పోటీకి వచ్చిరి. దక్షిణ రాష్ట్రముల సాగదీత ఉచ్చారణ ఈ రెండు నగరముల వారికిని మోటుగనే తోచినది.

జార్జియా రాష్ట్రపు అట్లాంటా నగరమునకు చెందిన ఆండ్రే బెంజమిన్, 'బిగ్ బాయ్' అనబడు ఆంట్వాన్ ప్యాటన్, ఇరువురును 1975లో జన్మించినవారు. ఒకే హైస్కూలులో చదివిరి. తమ జంటకు ఔట్‌కాస్ట్, అనగా వెలివేయబడినవాడు, అని పేరు పెట్టుకొనిరి. ఒక ఇంటి నేలమాళిగలో, మట్టినేలపై, ఆర్గనైజ్డ్ నాయిజ్ అను సంగీతకర్తల బృందముతో కలిసి సాధన చేసి 1994లో మొదటి ఆల్బము తెచ్చిరి. 1995 ఆగస్టులో న్యూయార్కున జరిగిన సోర్స్ పత్రిక పురస్కార సభలో నూతన బృందముగ వారికి బహుమతి వచ్చినపుడు సభికులు ఎగతాళిగ కేకలు వేసిరి. ఆండ్రే వేదికపై నిలిచి, దక్షిణము వారికిని చెప్పదగిన మాట యున్నదని మాత్రము చెప్పి దిగిపోయెను. అప్పటికి అతని వయసు ఇరువది. మన డిగ్రీ విద్యార్థి ఈడు.

కళాకారునకు రెండవ కృతి మొదటిదానికన్న కష్టమైనది. మొదటిదానికి అంతవరకు బ్రతికిన బ్రతుకంతయు సరకు, రెండవదానికి రెండేండ్లే. అందులోను, నవ్వినవారిని మెప్పించుటకై వారివలె పలుకుట సులభమైన దారి. ఈ జంట ఆ దారిని పట్టలేదు. 1996 ఆగస్టు 27న వెలువడిన ఆల్బమునకు 'ఏటీఎలియన్స్' అని పేరిడిరి. ఏటీఎల్ అట్లాంటాకు పొట్టిపేరు. ఏలియన్స్ అనగా పరాయివారు, అన్యగ్రహవాసులు. మమ్ము పరాయివారన్నారు గదా, అట్లే కానిండు అని ఆ పేరులోని ధ్వని. ఈ కాలమున ఆండ్రే తలపాగా చుట్టి వేదికపైకి వచ్చెడివాడు. మన పల్లెల వారికి అందులో వింత యేమియు తోచదు!

సంగీతము మునుపటికన్న నెమ్మదియైనది, పలుచనైనది. మాటకును మాటకును నడుమ ఖాళీ మిగులును, ప్రతిధ్వని వినబడును. కొన్ని పాటలకు బాణీలను వారే స్వయముగ కూర్చుకొనిరి. 'ఎలివేటర్స్' అను పాట అట్టిది. అందులో ఆండ్రేను పాత పరిచయస్థుడొకడు కలిసి, నీవు ధనవంతుడవైతివి గదా యనును. అభిమానులు పెరిగిరి గాని వారము గడుచుటకు సొమ్ము చాలదు, నీవు జీతముపై బ్రతికినట్లే నేను పాటపై బ్రతుకుచున్నానని యతని సమాధానము. కీర్తికిని కూటికిని గల దూరమును ఇంత తక్కువ మాటలలో చెప్పుట అరుదు. బిగ్ బాయ్ పలుకు చురుకైనది, బిగువైనది. ఆండ్రేది ఆలోచించుచు నడచునది. బుర్రకథలో కథకునికిని వంతలకును గల సంబంధము ఇట్టిదే.

ఇక ప్రాస. ర్యాపునందు ప్రాసను నిర్ణయించునది చెవి, అక్షరము కాదు. అమెరికా దక్షిణాదిలో 'పిన్', 'పెన్' అను మాటలు ఒక్కతీరుగ పలుకుదురు. న్యూయార్కువాని నోట అవి కలియవు. యాసను దిద్దినచో ప్రాస చెడును. మన మాటలోను చూడుడు. 'బండ మీద కూర్చుని ఉండాడు' అనినచో బండకు, ఉండాడుకు ద్వితీయాక్షరము కలిసినది. 'ఉన్నాడు' అని దిద్దితిమా, ప్రాస పోయినది. దక్కనీలో 'బాతాఁ' యన్న బహువచనము 'జహాఁ'తో కాఫియా కలుపును. ఉత్తరాది ఉర్దూ ప్రకారము 'బాతేఁ' యనినచో కలుపదు. గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా తన దివాను వ్రాసినది ఈ దక్కనీలోనే.

నవ్వినవారి సంగతి యేమైనదందురా? ఆ ఆల్బము అమెరికా పట్టికలో రెండవ స్థానమున అడుగిడి, ఇరువది లక్షల ప్రమాణపు పట్టా పొందినది. 2004లో వారి మరియొక ఆల్బమునకు గ్రామీ ఉత్తమ ఆల్బము పురస్కారము లభించినది.

కళాశాల సంఘము వారికి మా మనవి యొకటి. బైత్‌బాజీ, పద్యపఠన పోటీల నియమములలో 'స్వచ్ఛమైన భాష' అను మాట యున్నచోట, 'ప్రాస తప్పని భాష' అని వ్రాయింపుడు. మార్కులు వేయువారు ముందుగ ఒకసారి 'ఎలివేటర్స్' విందురు గాక. అయిదు నిమిషములు కూడ పట్టదు.