పేరంటానికి పాపను కూడా పిలవండి

అక్కయ్యలూ, చెల్లాయిలూ, పిల్లల పరీక్షలు, ఊరగాయల హడావుడి మధ్య తీరిక దొరకదని తెలుసు. అయినా ఈసారి ఒక్క పావుగంట నా దగ్గర కూర్చోండి. చాలా రోజులుగా మనసులో ఉన్న మాట చెప్పాలి.

డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ పుట్టిందని తెలిసిన ఇంటికి మనం ఎలా వెళ్తున్నాం? చాలామందిమి అసలు వెళ్ళమే వెళ్ళం. ఏం మాట్లాడాలో తెలియక ఆగిపోతాం. వెళ్ళినా పరామర్శకు వెళ్ళినట్టు గొంతు తగ్గించి, కుర్చీ అంచున కూర్చుని వచ్చేస్తాం. ఏ పసిబిడ్డను చూసినా ముందు మన నోట్లోంచి వచ్చేది "ఎవరి పోలికమ్మా?" అన్న మాటే కదా! ఆ ఇంట్లో మాత్రం అది ఎత్తం. అందరికీ కాస్త ఏటవాలు కళ్ళు, చప్పిడి ముక్కు మాత్రమే కనిపిస్తాయి. ఆ పాపకు వాళ్ళ నాన్న నుదురు వచ్చి ఉంటుంది, నాయనమ్మ చెవులు వచ్చి ఉంటాయి. అది ఎవరో ఒకరు పైకి అంటే బాగుండునని ఆ తల్లి ఎదురుచూస్తూ ఉంటుంది. నాకు తెలిసిన ఒక తల్లి బారసాల నాడు ఎవరో పెద్దావిడ పాపను ఒళ్ళోకి తీసుకుని "అచ్చం మీ అత్తగారేనే!" అన్నందుకు గదిలోకి వెళ్ళి ఏడ్చిందట. బాధతో కాదు.

ఆ పలకరింపు రాదు గానీ ప్రశ్నలు మాత్రం వరసకట్టి వస్తాయి. "స్కానింగులో కనపడలేదా?" "గ్రహణం నాడు బయటికి వచ్చావా?" "మేనరికమా?" "మీ పుట్టింటి వైపు ఎవరికైనా ఉందా?" పచ్చి బాలింత, ఒంట్లో రక్తం లేదు, రాత్రి నిద్ర లేదు. ఆ మనిషిని మంచం మీదే నిలదీస్తాం. పుట్టింటి వైపు అనే మాట వచ్చిందంటే ఇక ఆ ఇంట్లో పంచాయితీ మొదలైనట్టే. అందుకని దీని సంగతేమిటో మనందరం ఒకసారి సరిగ్గా తెలుసుకుందాం. రేపు ఎవరైనా అలా అడిగితే, ఆ తల్లి తరఫున మనమే జవాబు చెప్పేద్దాం.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ 46 క్రోమోజోములు 23 జతలుగా ఉంటాయి. సగం అమ్మవి, సగం నాన్నవి. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు 21వ నంబరు జత విడిపోవలసిన చోట విడిపోకుండా కలిసి వచ్చేస్తే, బిడ్డకు ఆ నంబరువి రెండుకు బదులు మూడు వస్తాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న 100 మందిలో దాదాపు 95 మందికి జరిగింది ఇదే. మార్చి అంటే మూడో నెల, అందులో 21వ తేదీని ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినంగా జరుపుకోవడానికి కారణం కూడా ఈ మూడూ ఇరవై ఒకటే. ఈ పిల్లల లక్షణాలను 1866లో ఇంగ్లండులో జాన్ లాంగ్డన్ డౌన్ అనే డాక్టరు వివరంగా రాశాడు, ఆయన పేరే దీనికి వచ్చింది. కారణం మాత్రం 1959లో గానీ పారిస్‌లో బయటపడలేదు. ఆ ఘనత చాలా ఏళ్ళు జెరోమ్ లెజూన్ అనే డాక్టరు ఒక్కడికే దక్కింది. ల్యాబులో కణాలను పెంచి ఆ పనికి పునాది వేసింది మార్త్ గోతియే అనే డాక్టరమ్మ. ఆవిడ పేరు ఆ పరిశోధన పత్రంలో రెండో స్థానంలో వేశారు, అదీ తప్పుగా అచ్చువేశారు. మనలో మనం కాబట్టి ఈ మాట కూడా చెప్పకుండా ఉండలేకపోయాను.

కాబట్టి గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. తిన్న బొప్పాయికీ లేదు, మెట్లెక్కినందుకూ కాదు. మేనరికాల వల్ల వేరే జబ్బులు రావచ్చు గానీ, దీన్ని వాటి ఖాతాలో వేయడానికి లేదు. తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుందన్నది నిజమే. పాతికేళ్ళప్పుడు సుమారు 1,200 కాన్పుల్లో ఒకటి, నలభై దగ్గర సుమారు 100లో ఒకటి. అయితే చిన్న వయసులో కనేవాళ్ళే ఎక్కువ కాబట్టి, ఈ పిల్లల్లో ఎక్కువమంది తల్లులు 35 లోపు వాళ్ళే. ఇక స్కానింగు సంగతి. మూడో నెల చివర చేసే స్కాను, రక్తపరీక్ష అవకాశం ఎంత ఉందో చెబుతాయే తప్ప అదే తీర్పు కాదు. ఆ పరీక్ష చేయించుకోవడమా మానడమా, తరువాత ఏం చేయాలన్నది ఆ భార్యాభర్తల సొంత విషయం. బిడ్డ ఒళ్ళో పడుకుని ఉండగా "ముందే తెలుసుకోవాల్సింది" అనడం మాత్రం ఘోరం.

100లో ముగ్గురు నలుగురికి మాత్రం ఆ అదనపు ముక్క ఇంకో క్రోమోజోముకు అతుక్కుని ఉంటుంది. అది ఒక్కోసారి తల్లి నుంచో తండ్రి నుంచో రావచ్చు. అందుకే మళ్ళీ కాన్పుకు ముందు బిడ్డకు క్యారియోటైప్ అనే రక్తపరీక్ష చేయించి డాక్టరుతో మాట్లాడుకోవాలి.

ఇప్పుడు ఆ తల్లితోనే నేరుగా నాలుగు మాటలు. చెల్లీ, ముందు పాప గుండెకు ఎకో తీయించు. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో పుట్టుకతో ఏదో ఒక లోపం ఉంటుంది. పైకి పాప బాగానే కనిపిస్తుంది, అయినా తీయించు. పిల్లల గుండె ఆపరేషన్లు ఆరోగ్యశ్రీ లాంటి పథకాల్లో ఉన్నాయి, డబ్బు లేదని ఆగిపోవద్దు. థైరాయిడ్ పుట్టగానే ఒకసారి, ఆరు నెలలకు, ఏడాదికి, ఆ తరువాత ఏటా చూపించాలి. చెవులూ కళ్ళూ కూడా పరీక్ష చేయించు. సరిగ్గా వినపడని పిల్లకు మాటలు రాకపోతే తెలివి లేదనుకుంటారు. ఒళ్ళు మెత్తగా ఉంటుంది కాబట్టి పాలు తాగుతూ తాగుతూ అలసిపోతుంది. తల కాస్త ఎత్తి పట్టుకుని, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టు. మెడ ఎముకలు కొందరికి వదులుగా ఉంటాయి, పెద్దయ్యాక పిల్లిమొగ్గలు వేయించే ముందు డాక్టరును అడుగు. కూర్చోవడం, నడవడం, మాటలు అన్నీ ఆలస్యంగా వస్తాయి. వస్తాయి గాక! ఎంత తొందరగా ఎక్సర్‌సైజులు మొదలుపెడితే అంత మేలు. జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల కోసం డైక్ అని పిలిచే సెంటర్లు పెట్టారు, ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ అక్కడ ఉచితం. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం 1984 నుంచి నడుస్తున్న జాతీయ సంస్థ మన తెలుగువాళ్ళకు దగ్గరలో ఉండటం పెద్ద అదృష్టం. తల్లులకు ఇంట్లో ఏం చేయించాలో కూడా నేర్పి పంపుతారు.

"ఎన్నాళ్ళు బతుకుతారట?" అని చెవిలో అడిగేవాళ్ళకూ ఒక మాట. అమెరికాలో 1983 నాటికి ఈ మనుషుల సగటు ఆయుష్షు పాతికేళ్ళు. ఇప్పుడు అరవై. గుండె ఆపరేషన్లు వచ్చాయి, ఆసుపత్రుల్లో వైద్యం చేయకుండా పక్కన పెట్టేయడం పోయింది. అంటే మన చంటిపాప ఒకనాటికి నడివయసు మనిషి అవుతుంది. చంటిపిల్లగానే ఎప్పటికీ ఉండిపోతుందన్నట్టు మనం ప్రవర్తిస్తే ఎలా?

డౌన్ సిండ్రోమ్ ఉన్న మా ఆడపడుచు కూతురికి ఇరవై దాటాయి. వాళ్ళింట్లో ఏ శుభకార్యమైనా తాంబూలాలు సర్దే పని తనదే. చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. రెండు తమలపాకులు, కాడలు ఒకే వైపుకు ఉండాలి. వాటి మీద రెండు వక్కలు, రెండు అరటిపళ్ళు, పసుపు కుంకుమ పొట్లాలు, పైన మడత చెదరకుండా జాకెట్టు గుడ్డ. ఒక ఆకు చిల్లు పడి ఉంటే పక్కన పెట్టేస్తుంది. పని తొందరలో ఎవరో వక్కలు లేని సంచీ అందుకుని వెళ్ళబోతే చెయ్యి పట్టుకుని ఆపేసింది. ఇదంతా ఒక్క రోజులో వచ్చింది కాదు. వాళ్ళమ్మ ఏళ్ళ తరబడి అదే వరసలో, పక్కన కూర్చోబెట్టుకుని చేసి చూపించింది. చెబితే అందని పని చూస్తే పట్టుబడుతుంది, ఈ పిల్లల్లో చాలామందికి అలాగే.

ఒకసారి వాళ్ళింటి పేరంటంలో ఒకావిడ మా ఆడపడుచును అడిగింది, "అమ్మాయి ఏం తింటుందండీ? మాటలు వచ్చా?" అని. అమ్మాయి ఎదురుగానే కూర్చుని ఉంది. మా ఆడపడుచు నవ్వి, "దాన్నే అడగండి వదినా" అంది. ఆవిడ ఇబ్బందిగానే అడిగింది. కాసేపు జవాబు రాలేదు. మధ్యలో ఇంకొకరు అందుకోబోతే మా ఆడపడుచు ఆపింది. అప్పుడు పిల్ల నెమ్మదిగా, ముద్దముద్దగా, "పులిహోర తింటా. మీరు తిన్నారా?" అంది. మర్యాద తెలిసిన మాట! ఆ కాసేపు ఆగడమే అక్కడ మనం చేయవలసిన పని. ప్రశ్న చెవికెక్కి, జవాబు మనసులో కూడి, నాలుక తిరగడానికి వాళ్ళకు మనకంటే ఎక్కువ సేపు పడుతుంది. మనం ఖాళీ పూరించేస్తుంటే వాళ్ళు మాట్లాడటం మానేస్తారు.

అలాగని ఈ పిల్లలంతా దేవుడి బిడ్డలనీ, కోపం తాపం తెలియని అమాయకులనీ దండం పెట్టి దూరంగా జరగడం కూడా నాకు నచ్చదు. మా ఆడపడుచు కూతురికి రిమోటు ఇవ్వకపోతే అలుగుతుంది. తమ్ముడి మీద చాడీలు చెబుతుంది. నచ్చని చుట్టం వస్తే తలుపేసుకుంటుంది. మన పిల్లలు చేయరా ఏం? ఇంకో సంగతి, ఇరవై ఏళ్ళ ఆడపిల్ల బుగ్గలు గిల్లడం, మీద చేతులు వేయడం మానుకోండి. "ముద్దుగా ఉంది" అని ఎవరు పడితే వాళ్ళు తాకుతుంటే, తాకనివ్వకూడని మనిషెవరో ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది? పెద్దమనిషి కాకముందే ప్యాడ్ ఎలా మార్చుకోవాలో, క్యాలెండరులో ఎర్ర చుక్క ఎలా పెట్టాలో చూపించాలి. "వద్దు" అనడం నేర్పించాలి. అంది కదా అని మనం చిన్నబుచ్చుకోకూడదు.

బడి గురించి నా కడుపులో చాలా కోపం ఉంది. ఒక తల్లి పాపను వీధి చివర బడికి తీసుకెళ్తే, "మాకేం అభ్యంతరం లేదండీ, మిగతా పేరెంట్స్ ఒప్పుకోరు" అన్నారట. మిగతా పేరెంట్స్ అంటే ఎవరు? మనమే కదా! మన పేరు చెప్పి ఒక పిల్లను గేటు బయట నిలబెడుతున్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉన్న పిల్లలకు 6 ఏళ్ళ నుంచి 18 ఏళ్ళ దాకా దగ్గరలోని బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడీ వైకల్యం పేరు చెప్పి కాదనడానికి వీల్లేదు. చట్టం తన పని తను చేసేలోగా మనం చేయగలిగింది ఒకటుంది. పేరెంట్స్ మీటింగులో లేచి, "మా పిల్లల పక్కన కూర్చోబెట్టండి, మాకు ఇష్టమే" అనడం. మీ వాడి పుట్టినరోజుకు క్లాసులో అందరినీ పిలిచి ఆ ఒక్క పిల్లను వదిలేయకుండా ఉండటం.

ఆమిర్ ఖాన్ 2025లో తీసిన 'సితారే జమీన్ పర్' చూశారా? బాస్కెట్‌బాల్ టీములో ఆటగాళ్ళ వేషాలు మామూలు నటులకు ఇవ్వలేదు. నిజంగా మెదడు ఎదుగుదలలో తేడా ఉన్నవాళ్ళే వేశారు, వాళ్ళలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళూ ఉన్నారు. 'మిట్టీ కేఫ్' అని వికలాంగులు నడిపే కాఫీ కొట్లు ఉన్నాయి, 2023లో ఏకంగా సుప్రీం కోర్టు ఆవరణలోనే ఒకటి తెరిచారు. స్పెయిన్‌లో డౌన్ సిండ్రోమ్ ఉన్న పాబ్లో పినెడా యూనివర్సిటీ డిగ్రీ తెచ్చుకున్నాడు. అందరూ డిగ్రీలు తెచ్చుకోలేరు, తేనక్కర్లేదు కూడా. మన వీధిలో జెరాక్స్ షాపులో కాగితాలు పేర్చే పని, టిఫిన్ సెంటర్లో చట్నీ కప్పులు సర్దే పని, దానికి సరైన జీతం, ఇవి ఇవ్వడానికి ఎవరికైనా ఏమంత కష్టం?

ఇక తల్లులందరూ నా దగ్గర చివరికి ఆగే మాట ఒక్కటే. "మా తరువాత దీన్ని ఎవరు చూస్తారక్కా?" దీనికి ఓదార్పు మాటలు చాలవు, కాగితాలు కావాలి. ముందు వైకల్యం నిర్ధారించే సదరం లాంటి క్యాంపుకు వెళ్ళి సర్టిఫికెట్, యూడీఐడీ అనే గుర్తింపు కార్డు తీసుకోండి. ఆంధ్రలో నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 4,016 రూపాయల పెన్షనుకు దారి అదే. నేషనల్ ట్రస్టు వాళ్ళ 'నిరామయ' బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులకు ఇస్తుంది. పిల్లకు 18 నిండాక, తన తరఫున కొన్ని విషయాల్లో సంతకం పెట్టేందుకు అవసరమనుకుంటే, 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద గార్డియన్ కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. కలెక్టరు అధ్యక్షుడుగా ఉండే జిల్లా కమిటీ దాన్ని చూస్తుంది. బ్యాంకులో పని పడినప్పుడు పరుగెత్తడం కాకుండా ముందే అడిగి పెట్టుకోండి. పెళ్ళీడుకొచ్చిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉంటే వాళ్ళ మీద అమాంతం మోపకుండా, కూర్చోబెట్టి మాట్లాడండి.

కాగితం మీద ఉండేది ఒకటో రెండో పేర్లు. ఆ పిల్ల రోజూ తిరిగేది మాత్రం మన మధ్యే. పాల ప్యాకెట్టుకు వస్తే సరైన చిల్లర ఇచ్చే కొట్టాయన, దారి తప్పితే ఇంటికి చేర్చే ఆటో అబ్బాయి, జ్వరమొస్తే గుర్తుపట్టే పక్కింటి పిన్ని కావాలి. వీళ్ళంతా పిల్ల చిన్నప్పటి నుంచి తనను చూస్తూ, తనతో మాట్లాడుతూ ఉంటేనే దొరుకుతారు. ఆ తల్లి నాలుగు పేరంటాలకు రాకపోయేసరికి మనం పిలవడమే మానేశాం. పిల్లను ఎవరి దగ్గర వదలాలో తెలియక రాలేదేమో, వెంట తెస్తే ఎలా చూస్తారోనని ఆగిందేమో. వచ్చే శ్రావణ శుక్రవారం ఆ ఇంటికి వెళ్ళినప్పుడు తల్లికి బొట్టు పెట్టి, పక్కనే నిలబడిన పాపకు కూడా పెట్టి, "అమ్మను తీసుకుని సాయంత్రం ఐదింటికి రామ్మా" అని తనకే చెప్పండి. జవాబు వచ్చేదాకా కాసేపు ఆగండి.