ప్రేమకథలో అడ్డుగోడ



వార్షికోత్సవ సంచికకు కథారచన మీద పాఠం లాంటి వ్యాసం ఒకటి రాసిమ్మని సంపాదకవర్గం అడిగింది. కథలన్నిటి గురించీ ఒకే వ్యాసంలో చెప్పడం కుదిరే పని కాదు. అందుకని ప్రేమకథను ఒక్కదాన్నే తీసుకుంటున్నాను. మన పిల్లలు ఏటా సంచికకు రాసిచ్చే కథల్లో ఎక్కువ భాగం అవే. అచ్చుకు ఎక్కేవి మాత్రం తక్కువ. ప్రేమ అన్న మాట చూడగానే పెద్దలు పక్కన పడేస్తారని కొందరి అనుమానం. అది కొంతవరకు నిజమే కావచ్చు. అసలు ఇబ్బంది ఏమిటంటే ఆ కథల్లో ప్రేమ ఉంటుంది గాని కథ ఉండదు.

అబ్బాయి బస్టాండులో అమ్మాయిని చూస్తాడు. ఒక పేజీ నిండా ఆమె కళ్ళు, జడ, నవ్వు. రెండో పేజీలో ఆమె ఒప్పుకుంటుంది. మూడో పేజీలో పెళ్ళి, లేకపోతే రైలు పట్టాలు. మధ్యలో పాఠకుడు ఎదురుచూడటానికి ఏమైనా ఉందా? ఇద్దరూ ఒకరికొకరు కావాలనుకోవడం కథకు మొదలు మాత్రమే. వాళ్ళిద్దరి మధ్యా నిలబడ్డ అడ్డుగోడ ఏమిటి, అది ఎంత ఎత్తు, దాన్ని దాటడానికి ఎవరు ఏం వదులుకోవాలి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికిన రోజున కలం పట్టుకోండి.

మన తెలుగులో దీన్ని బాగా ఎరిగిన రచయిత్రి యద్దనపూడి సులోచనారాణి. 1940లో కృష్ణా జిల్లా కాజలో పుట్టారు, 2018లో కన్నుమూశారు. ఆమె 'సెక్రటరీ' 1960ల్లో 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది, 1976లో సినిమా అయింది. మధ్యతరగతి అమ్మాయి జయంతి ఉద్యోగానికి వెళుతుంది. యజమాని రాజశేఖరం ధనవంతుడు. పైకి చూస్తే డబ్బున్నవాడు, డబ్బులేనమ్మాయి కథ. లోపల నడిచేది ఆత్మాభిమానం కథ. అతను చూపించే అభిమానాన్ని దయగా తీసుకోవాలా, ప్రేమగా తీసుకోవాలా అన్నది ఆమెకు తేలదు. ఆడపిల్లలు అప్పుడప్పుడే ఆఫీసులకు వెళ్ళడం మొదలైన కాలం అది. ఆ సందేహం ఆనాటి ఎన్నో ఇళ్ళలో ఉన్నదే. అద్దె పుస్తకాల షాపుల్లో ఆ నవల అట్ట చిరిగేదాకా తిరగడానికి హీరోగారి కారు ఒక్కటే కారణమని నేననుకోను. 'మీనా' నవల కూడా అంతే. 1973లో విజయనిర్మల దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. 2016లో వచ్చిన 'అ ఆ' సినిమా చూసినవాళ్ళు ఆ కథను ఇట్టే గుర్తుపట్టారు. నలభై ఏళ్ళు దాటినా గోడ పనిచేసిందంటే అది గట్టి గోడే.

మనవాళ్ళు ఇలాంటి నవలలు చదివి కారును పట్టుకుంటారు, సందేహాన్ని వదిలేస్తారు. హాస్టల్ కుర్రాడు రాసిన కథలో హీరోకు బంగళా, తెల్ల కారు, విదేశీ చదువు! ఆ కుర్రాడు బంగళా లోపల ఎన్నడూ అడుగు పెట్టి ఉండడు. అందుకే ఆ గదిలో సోఫా తప్ప ఇంకేమీ కనపడదు. అదే కుర్రాడిని మెస్ హాలు గురించి రాయమనండి. పళ్ళెం చప్పుడుతో సహా రాస్తాడు.

కొన్ని గోడలకు వయసైపోతుంది. యండమూరి వీరేంద్రనాథ్ 'వెన్నెల్లో ఆడపిల్ల' మీలో చాలామంది చదివే ఉంటారు. ముఖం చూపించని అమ్మాయి చదరంగం ఆటగాడికి ఫోన్ చేసి, తనెవరో కనిపెట్టమని సవాలు విసురుతుంది. ఆ నవల మొత్తం ఫోన్ నంబరు తెలియకపోవడం మీద నిలబడింది. ఇప్పుడు ఫోన్ మోగగానే తెరమీద నంబరు పడుతుంది. ఆ ఎత్తును ఇవాళ ఉన్నదున్నట్టు వాడితే రెండో పేజీలోనే కథ ముగిసిపోతుంది. మరి ఇవాళ్టి గోడలు ఏవి? మెసేజ్ చూసినట్టు నీలి గుర్తు పడుతుంది, జవాబు రాదు. ఆ రాత్రి ఎంత పొడుగ్గా ఉంటుందో మీకే బాగా తెలుసు.

ఇక గోడ ఎక్కడ కట్టాలన్నది చూద్దాం. ఇంగ్లీషు రచయిత్రి జేన్ ఆస్టెన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'ను డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం తీసుకున్నవాళ్ళు చదువుతారు. మిగిలినవాళ్ళు ఒక్క విషయం గమనిస్తే చాలు. అందులో 61 అధ్యాయాలు. డార్సీ అనే ధనవంతుడు ఎలిజబెత్‌ను మొదటిసారి పెళ్ళాడమని అడిగేది 34వ అధ్యాయంలో, అంటే దాదాపు కథ నడుమ. ఆమె కాదంటుంది. ప్రేమిస్తున్నానని చెబుతూనే అతను ఆమె కుటుంబం తన స్థాయికి తగదని కూడా చెబుతాడు. ఆమె అక్క సంబంధం చెడగొట్టింది కూడా అతనే. మిగిలిన సగం పుస్తకంలో అతను మారాలి, ఆమె తన అంచనాలను దిద్దుకోవాలి. గోడ ఇద్దరి లోపలే ఉంది. విలన్ తెచ్చి పెట్టిన గోడను ఎవరైనా ఒక దెబ్బతో పడగొట్టవచ్చు. లోపలి గోడ పడాలంటే మనిషి మారాలి, దానికి పేజీలు పడతాయి.

ఆమె 'కాదు' అన్నాక డార్సీ వెంటపడడు. ఒక ఉత్తరం రాసి ఇచ్చి వెళ్ళిపోతాడు. మన కథల్లో, సినిమాల్లో అమ్మాయి కాదన్న తరవాత అబ్బాయి నాలుగు రీళ్ళపాటు వెంటపడితే దాన్ని ప్రేమ అంటున్నాం. చెల్లెళ్ళు ఇది చదువుతారని తెలిసి చెబుతున్నాను. కాలేజీ నుంచి హాస్టల్ దాకా ఎవడో వెనకే నడుస్తుంటే ఆ అమ్మాయికి కలిగేది భయం. రాసేవాడు ఒక్కసారి ఆమె చెప్పుల్లో కాలుపెట్టి ఆ దారి నడిచి చూస్తే సగం కథలు మారిపోతాయి.

ఇప్పుడు మన గోడ దగ్గరికి వస్తాను. దాని పేరు కులం. రంగనాయకమ్మ 'బలిపీఠం' దీని మీద రాసిన నవల. హరిజన యువకుడు భాస్కర్, బ్రాహ్మణ యువతి అరుణ పెళ్ళి చేసుకుంటారు. 1975లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో శోభన్‌బాబు, శారదలతో సినిమాగా వచ్చింది. మామూలు ప్రేమకథ ఆగిపోయేచోట ఇది మొదలవుతుంది. దండలు మార్చుకున్నంత మాత్రాన పుట్టుకతో వచ్చిన ఆధిక్యభావం పోదు. అది వంటింట్లో, పలకరింపులో, పిల్లల పెంపకంలో బయటపడుతూనే ఉంటుంది. రచయిత్రి ఈ సంగతిని దాచకుండా రాసింది. నా అభిప్రాయంలో మన హాస్టల్ పిల్లలు యద్దనపూడి పక్కన పెట్టుకుని చదవవలసిన నవల ఇది. అయితే ఒక్క మాట. భాస్కర్‌ను బయటినుంచి, సానుభూతితో చూసి రాశారు. అలాంటి కుర్రాడు రాత్రి హాస్టల్ గదిలో పడుకుని తన గురించి తాను ఏమనుకుంటాడన్నది లోపలినుంచి తెలిసినవాళ్ళు రాయాలి. ఆ చోటు ఇంకా చాలా ఖాళీగానే ఉంది.

దీన్ని రాసేటప్పుడు తేలిగ్గా తీసుకోకండి. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్యను ఆసుపత్రిలో చూపించుకుని బయటికి వస్తున్న యువకుణ్ణి ఆమె కళ్ళముందే నరికి చంపారు. కులం తక్కువవాడిని పెళ్ళాడిందన్నదే కారణం. 2025 మార్చిలో నల్గొండ కోర్టు తీర్పు చెప్పింది. ఇటువంటి చావును కథ చివర కన్నీళ్ళ కోసం వాడుకోవడం నాకు నచ్చదు. అలాగే, పెద్దలు చివరి పేజీలో హఠాత్తుగా మనసు మార్చుకుని అక్షింతలు వేయడమూ నమ్మబుద్ధి కాదు. ఈ రెండింటికీ మధ్య బతికే జంటలు ఎందరో ఉన్నారు. అద్దె ఇల్లు దొరకని జంట, పండక్కి ఏ ఊరికీ పోలేని జంట, కాన్పు సమయానికి తల్లి వస్తుందో రాదో తెలియని అమ్మాయి. వాళ్ళ కథలు రాయండి.

కథకు పనికొచ్చే ఒక చట్టం సంగతి చెబుతాను. మతాలు వేరైన ఇద్దరు, లేదా మతాచారం వద్దనుకున్న ఇద్దరు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకోవచ్చు. అబ్బాయికి 21, అమ్మాయికి 18 ఏళ్ళు నిండాలి. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులు నివసించి ఉండాలి. నోటీసు ఇచ్చాక దాన్ని ఆఫీసులో అందరికీ కనపడేచోట అంటిస్తారు. 30 రోజుల్లోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఆ తరవాత ముగ్గురు సాక్షుల ముందు పెళ్ళి. ఆలోచించండి. ఇద్దరి పేర్లు గోడమీద నెలరోజులు! ఆ ఆఫీసుకు రోజూ వచ్చిపోయే మనుషుల్లో మేనమామ స్నేహితుడొకడు ఉంటే? ప్రతి పేజీకీ ఉత్కంఠ దానంతటదే వస్తుంది. మనం కల్పించాల్సిన పని లేదు.

చిన్న గోడలనూ చులకన చేయవద్దు. స్కాలర్‌షిప్ ఆలస్యమైంది, పరీక్ష ఫీజు కట్టాలి. ఆమె తన చేతి ఉంగరం తాకట్టుపెట్టి ఇస్తానంటుంది. తీసుకుంటే అతని అభిమానం పోతుంది, తీసుకోకపోతే ఏడాది పోతుంది. 'సెక్రటరీ'లో ఉన్న సందేహమే ఇది, కారు లేకుండా.

మాటల విషయం క్లుప్తంగా చెబుతాను. పాత్రలు వాళ్ళ ఊరి భాషలో మాట్లాడాలి. పాలమూరు అబ్బాయి, శ్రీకాకుళం అమ్మాయి ప్రేమించుకుంటే ఇద్దరూ రేడియో వార్తల భాషలో మాట్లాడుకోరు. ఆమె అన్న మాట అతనికి అర్థంకాక, మళ్ళీ అడగడంలోనే చనువు పుట్టవచ్చు. 'నేను నిన్ను ప్రేమిస్తున్నాను' అన్న వాక్యాన్ని వీలైనంత ఆలస్యం చేయండి. అసలు లేకపోయినా నష్టం లేదు. ఆమె తన పళ్ళెంలోని గుడ్డు అతని పళ్ళెంలో వేసిందంటే, ఆదివారం తప్ప గుడ్డు ఉండదని తెలిసిన పాఠకుడికి ఇంకేం చెప్పాలి?

అచ్చు సంగతులు. ప్రేమ నవలలను పెద్ద పరిశ్రమగా నడిపినవాళ్ళలో మిల్స్ అండ్ బూన్ ఒకటి. 1908లో లండన్‌లో మొదలైంది, 1971లో కెనడా కంపెనీ హార్లెక్విన్ చేతికి వెళ్ళింది. హైదరాబాదులో ఆదివారం పూట అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వాటి గుట్టలు చూసే ఉంటారు. ఆ నవలలు చాలావరకు 50 వేల పదాల ప్రాంతంలో ఉంటాయి, ముగింపు సుఖాంతమే కావాలి. చట్రం అంత బిగువు. మన సీరియల్ చట్రం వేరు. వారం వారం పాఠకుడిని నిలబెట్టాలి కాబట్టి ప్రతి భాగం చివర ఒక ప్రశ్న మిగలాలి. తలుపు చప్పుడు, ఉత్తరం లాంటి ఎత్తులు రెండుసార్లు పనిచేస్తాయి, మూడోసారి పాఠకుడు నవ్వుతాడు. పాత్ర తీసుకోవలసిన నిర్ణయాన్ని అక్కడ మిగల్చండి. వారపత్రికలు చాలా తగ్గిపోయిన ఈ రోజుల్లో సెల్‌ఫోన్‌లో భాగాలుగా కథలు వేసే ప్రతిలిపి వంటి చోట్ల కూడా ఇదే సూత్రం నడుస్తోంది.

ఆస్టెన్ సంగతి ఇంకొకటి ఉంది. ఆమె నవల తొలి ప్రతిని చూస్తారా అని 1797లో తండ్రి ఒక ప్రచురణకర్తకు రాస్తే, అతను చూడనే లేదు. ఆమె దాన్ని తిరగరాసుకుంది. 1813లో అచ్చయింది. హక్కులను 110 పౌన్లకు పూర్తిగా అమ్మేసింది. అదే ఏడాది రెండో ముద్రణ వచ్చినా ఆమెకు అదనంగా ఏమీ రాలేదు. అట్టమీద ఆమె పేరు కూడా లేదు. రెండు వందల ఏళ్ళు దాటాక కూడా కొత్త రచయితలు ఇలాగే సంతకాలు పెడుతున్నారు. పుస్తకం అచ్చవుతుందన్న సంబరంలో కాగితం చదవరు.

కాబట్టి 1957 కాపీరైట్ చట్టంలోని నాలుగు విషయాలు గుర్తుంచుకోండి. మీరు రాసిన క్షణం నుంచే హక్కు మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీ జీవితకాలం, ఆ తరవాత 60 ఏళ్ళు ఆ హక్కు ఉంటుంది. హక్కును ఇంకొకరికి రాసివ్వాలంటే లిఖితపూర్వకంగా, సంతకంతో ఉండాలి, నోటిమాట చెల్లదు. ఒప్పందంలో కాలం రాయకపోతే 5 ఏళ్ళుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా తీసుకుంటారు. వేరే షరతు లేకపోతే, తీసుకున్నవాడు ఏడాదిలోగా వాడుకోని హక్కు రద్దవుతుంది. 'సర్వహక్కులు, శాశ్వతంగా' అన్న రెండు మాటలు కనిపిస్తే పెన్ను కింద పెట్టి, తెలిసినవాళ్ళను అడగండి. ఫోన్‌లో 'అంగీకరిస్తున్నాను' అన్న బొత్తాం కూడా సంతకం లాంటిదే. సొంతంగా పుస్తకం వేసుకునేవాళ్ళకు ఐఎస్‌బీఎన్ సంఖ్యను కేంద్రప్రభుత్వ సంస్థ ఉచితంగా ఇస్తుంది. దానికోసం ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వనక్కరలేదు.

పత్రికకు పంపేటప్పుడు కాగితానికి ఒక వైపే రాయండి, ఎడమవైపు అంచు వదలండి, ప్రతి పేజీకీ సంఖ్య వేయండి. కథ పేరు, మీ పేరు, చిరునామా విడి కాగితం మీద ఉండాలి. ఒకే కథను ఒకేసారి రెండు పత్రికలకు పంపకండి. నకలు ఒకటి తీసి ట్రంకుపెట్టెలో అడుగున దాచుకోండి. తిరిగి వచ్చిన కథ ఆరునెలల తరవాత మళ్ళీ చదివితే గోడ ఎక్కడ బలహీనంగా ఉందో మీకే కనపడుతుంది.