బరువులెత్తితే ఎత్తు పెరగమా?

మేము హాస్టల్లో ఎనిమిదో తరగతి చదివే రోజుల్లో దండాలు, బస్కీలు తీస్తుంటే "ఎదుగుదల ఆగిపోద్దిరా" అని పెద్దలు భయపెట్టేవారు. వేసవిలో మిర్చి టిక్కీలు మోయడానికి వెళితే మాత్రం ఎవరూ ఆ మాట అనలేదు!

ఎముకల చివర మృదులాస్థి పొర ఉంటుంది. ఎత్తు పెరిగేది అక్కడే. తెలిసినవారి పర్యవేక్షణలో చేసే సాధన దాన్ని పాడుచేయదని నేటి వైద్యశాస్త్రం చెబుతోంది. ముప్పు పద్ధతి తెలియక శక్తికి మించి ఎత్తినప్పుడే.

పొడవు బాగా సాగే వయసు ఆడపిల్లలకు సుమారు 12, మగపిల్లలకు 14. కొందరికి రెండేళ్ళు ముందూ వెనకా అవుతుంది. అందుకే అండర్-14 కబడ్డీ ఎంపికల్లో ఒకే ఏడు పుట్టినా ఒకడికి నూనూగు మీసాలు, ఇంకొకడికి పాలబుగ్గలు. మాలో చిన్నగా ఉన్నవారిని పక్కన నిలబెట్టేవారు. ఇంటర్‌కి వచ్చేసరికి వారిలో ఇద్దరు మా అందరికన్నా పొడుగయ్యారు. కానీ అప్పటికే ఆట మానేశారు.

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి గారిని కూడా బక్కపలచగా ఉందని మొదట వద్దన్నారు. 12వ ఏట సాధన మొదలుపెట్టిన ఆమె 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమే.

తమ్ముళ్ళూ, ముందు మీ ఒంటి బరువుతోనే మొదలుపెట్టండి. వారానికి రెండు మూడు రోజులు చాలు. మోకాలిచిప్ప కింద నొప్పి వస్తే దాచవద్దు. జట్టులోంచి తీసేస్తారని మేము దాచాము, ఆ సీజనంతా బెంచీ మీదే గడిచింది.